ఫైకస్‌ను మోడు కొట్టి బోన్సాయ్‌గా మలచడం: సీమ ఎండలకు తగిన సమగ్ర మార్గదర్శి

హాల్లో ఓ మూల ఐదడుగులు పెరిగి, కింద ఆకు లేక, పైన మాత్రం గొడుగు పట్టినట్టుండే ఫైకస్ (మర్రి, రావి జాతి మొక్క) కర్నూలు, అనంతపురం, కడప ఇళ్లలో చాలాచోట్ల కనిపిస్తుంది. "దీన్ని ఎక్కడ కోస్తే బోన్సాయ్ అవుతుంది?" అని అడుగుతారు అందరూ. కోత చోటు తప్పి పోయే మొక్కలు తక్కువే. కాలం కాని కాలంలో కోసినందుకు ఎండిపోయేవి, కోశాక జాలిపడి నీళ్లు పోస్తే కుళ్లిపోయేవి ఎక్కువ. అందుకే ఇక్కడ కోత కన్నా దాని ముందూ వెనకా పనులకే ఎక్కువ చోటిచ్చాం.

1. మీ దగ్గరున్నది ఏ ఫైకసో ముందు తేల్చుకోండి

ఆకు పల్చగా, కొన సన్నగా సాగి, కొమ్మలు కిందికి వాలుతుంటే అది బెంజమీనా. ఇళ్లలో ఎక్కువగా ఉండేది ఇదే. ఆకు ఉన్న కొమ్మ నుంచి బాగానే చిగురిస్తుంది గానీ, ఆకు మొత్తం తీసేసిన సన్న కొమ్మను చాలాసార్లు తనే ఎండబెట్టేసుకుంటుంది. దీనితో తొందర పనికిరాదు.

ఆకు మందంగా, కాస్త గుండ్రంగా ఉంటే మైక్రోకార్పా. మొండి ఘటం. మానుకు బలముంటే ఎక్కడ కోసినా చిగురు వేస్తుంది. మొదటిసారి కత్తెర పట్టేవాళ్లకు ఇదే మంచిది.

దుంపల్లాంటి లావు వేర్లతో "జిన్సెంగ్" పేరుతో అమ్మేది కూడా మైక్రోకార్పానే, కాకపోతే పైన చిన్నాకు రకాన్ని అంటు కట్టి ఉంటారు. దుంప పైన అంటు మచ్చ ఎక్కడుందో వెతకండి. దానికి కింద కోస్తే వచ్చే చిగురు వేరే ఆకుతో వస్తుంది.

తెల్లమచ్చల ఆకుల రకాల్లో పచ్చదనం తక్కువ కాబట్టి కోలుకోవడం కూడా ఆలస్యమే. ఇక రబ్బరు మొక్కది చెయ్యంత ఆకు. దాన్ని బోన్సాయ్ చెయ్యాలని కూర్చోవడం మా దృష్టిలో వృథా శ్రమ.

ఇంకొకటి చూడాలి. ఒకే కుండీలో మూడు కాండాలు జడ అల్లినట్టు ఉన్నాయా? వేలు దూరేంత సందుంటే మెల్లగా విప్పి, వేర్లు కడిగి, మూడు మొక్కలుగా విడదీయవచ్చు. బెరడు కలిసిపోయి ఉంటే విప్పొద్దు, ఒకే మానుగా లెక్కపెట్టండి.

2. కాలం: కార్తె చూసి కత్తెర పట్టండి

చలిదేశాల పుస్తకాలు వసంతంలో కొయ్యమంటాయి. మన వసంతం వెనకే 42 డిగ్రీల ఎండ కాచుకుని ఉంటుంది. ఏప్రిల్‌లో మోడు చేస్తే లేత చిగురు వడగాలికి మాడిపోతుంది. రెండోసారి చిగురు వేసే సత్తువ మొక్కకు మిగలదు.

సీమలో ఎంచదగిన కాలం ఆరుద్ర నుంచి మఖ దాకా, అంటే జూన్ 22 ప్రాంతం నుంచి ఆగస్టు చివరి వరకు. ఎండ తగ్గుతుంది, మబ్బు పడుతుంది, వెచ్చదనం మాత్రం పోదు. చిగురు ముదరడానికి చలికి ముందు మూడు నెలలు చేతిలో ఉంటాయి.

ఈ కాలానికి ఒక చిక్కుంది. ఆషాఢ గాలి. అనంతపురం వైపు జూన్, జూలై గాలికి మిద్దె మీద కుండీ పొద్దున తడిపితే సాయంత్రానికి ఆరిపోతుంది. మోడును పడమటి గాలి తగలని గోడ పక్కన పెట్టుకోవాలి.

ఫిబ్రవరి రెండో సగం రెండో అవకాశం, అదీ మైక్రోకార్పాకే. రోహిణి కార్తెలోనూ, డిసెంబరు, జనవరి చలిలోనూ కొయ్యొద్దు.

3. మూడు నెలల ముందు నుంచి బలం పెంచడం

ఆకు లేని మోడు కొత్త చిగురును వేర్లలో, కాండంలో దాచుకున్న పిండిపదార్థంతో వెయ్యాలి. హాల్లో మసక వెలుతురులో బతికిన మొక్క దగ్గర ఆ నిల్వ ఉండదు.

మార్చి చివర మొక్కను బయటికి తీసుకురండి. ఒకేసారి ఎండలో పెడితే ఆకులు కాలి తెల్లగా పాలిపోతాయి. మొదటి వారం వరండా నీడ, రెండో వారం పొద్దున 9 దాకా తగిలే ఎండ, మూడో వారం నుంచి 50 శాతం షేడ్‌నెట్ కింద. చోటు మారగానే బెంజమీనా ఆకులు రాలుస్తుంది. అది దాని స్వభావం, రోగం కాదు. కంగారుపడి మళ్లీ లోపలికి తెస్తే మిగిలిన ఆకులూ రాలుస్తుంది.

ఎరువు: వేరుశనగ చెక్క 100 గ్రాములు లీటరు నీళ్లలో 4 రోజులు నానబెట్టి, వడగట్టి, ఒక పాలు తేటకు పది పాళ్లు నీళ్లు కలిపి 15 రోజులకోసారి పొయ్యండి. వాసన భరించలేకపోతే నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉండే 19-19-19 ఎరువు లీటరుకు 1 గ్రాము. ఎండలు మండే మే నెలలో రెండూ ఆపండి.

ఈ మూడు నెలల్లో కత్తెర ముట్టుకోవద్దు. పెరిగినంత పెరగనివ్వండి.

కోతకు మొక్క సిద్ధమైందా? వీటిలో ఒక్కటి లేకపోయినా వచ్చే ఏడాదికి వాయిదా వెయ్యండి:

- ప్రతి కొమ్మ కొసనా మొనదేలిన కొత్త మొగ్గ ఉంది
- గత నెలలో కనీసం 4, 5 కొత్త ఆకులు వచ్చాయి
- పిండినల్లి, పొలుసు పురుగు లేవు
- మాను మొదలు పట్టుకుని ఊపితే కుండీ కదులుతోంది గానీ మాను వదులుగా ఆడటం లేదు
- ఈ మూడు నెలల్లో కుండీ మార్చలేదు

4. దగ్గర పెట్టుకోవాల్సినవి

- సికేచర్ (వేలి లావు కొమ్మల వరకు)
- మడత రంపం. ఇనుము కోసే హాక్సా బ్లేడుతో కోస్తే బెరడు అంచు నలుగుతుంది
- పదునైన చాకు, కోత అంచు నున్నగా చెయ్యడానికి
- సర్జికల్ స్పిరిట్, దూది
- రబ్బరు తొడుగులు, పాత బట్టలు, తడిగుడ్డ, నీళ్ల స్ప్రేయరు
- గాయానికి పూత

పూతకు బజారు మందు కోసం తిరగనక్కర్లేదు. చీనీ తోటల్లో బంక కారే చోట పూసే బోర్డో పేస్టే చాలు. అరలీటరుకు మైలుతుత్తం 50 గ్రాములు, పొడి సున్నం 50 గ్రాములు. రెంటినీ పావు లీటరు నీళ్లలో విడివిడిగా, ప్లాస్టిక్ లేదా మట్టి పాత్రల్లో కలిపి, తర్వాత మూడో పాత్రలో ఒకటి చెయ్యండి. ఇనప మేకు ఒక నిమిషం ముంచి తియ్యండి. మేకుకు ఎర్రటి రాగి పూత పడితే సున్నం చాల్లేదన్నమాట, ఇంకొంచెం కలపాలి. చేసిన రోజే వాడెయ్యాలి.

ఫైకస్ పాల విషయంలో అజాగ్రత్త వద్దు. చర్మం మీద దద్దుర్లు వస్తాయి, రబ్బరు పడనివాళ్లకు ఇంకా ఎక్కువగా. అలాంటివాళ్లు రబ్బరువి కాక నైట్రైల్ తొడుగులు వేసుకోవాలి. కంట్లో పడితే మంచినీళ్లతో పావుగంట కడిగి డాక్టరుకు చూపించాలి. కుక్కలు, పిల్లులు కోసిన కొమ్మలు నమలకుండా చూడండి. చేతికి అంటి జిగురైన పాలు కొబ్బరి నూనె రుద్దితే వస్తాయి. బట్టకు అంటితే ఇక రావు.

5. ఎంత ఎత్తులో కొయ్యాలి

మాను మొదలు లావు (చుట్టుకొలత కాదు, అడ్డకొలత) కొలవండి. బోన్సాయ్ ఎత్తు దానికి 6 రెట్ల నుంచి 10 రెట్ల మధ్య ఉంటే చెట్టులా కనిపిస్తుంది. ఇంటి మొక్కలు సన్నంగా సాగి ఉంటాయి కాబట్టి 10 రెట్లకు దగ్గరగా ఉంచడం నయం.

లెక్క ఇలా వెయ్యండి. మొదలు 3 సెంటీమీటర్లనుకుందాం. 10 రెట్లంటే 30. మొదటి కోత ఆ ఎత్తులో కాదు, అందులో మూడోవంతులో, అంటే మట్టి నుంచి 10 సెంటీమీటర్ల దగ్గర పడాలి. మిగతా 20 సెంటీమీటర్లూ కొత్త చిగురు నుంచి పెరగాలి. పైకి వెళ్లేకొద్దీ మాను సన్నబడినట్టు రావడానికి ఇదే దారి. 30 దగ్గరే కోసేస్తే మీ చేతిలో మిగిలేది గుంజ.

ఇప్పుడు మానును దగ్గరగా చూడండి. బెరడు మీద కాండం చుట్టూ ఉంగరంలా సన్నటి గీతలు ఉంటాయి. ఒకప్పుడు ఆకు ఉండి రాలిన కణుపులవి. నిద్రపోతున్న మొగ్గలు వాటి దగ్గరే ఉంటాయి. ముదురు బెరడు మీద గీతలు కనిపించకపోతే తడిగుడ్డతో తుడిచి, టార్చి పక్కవాటుగా వెయ్యండి. మీరనుకున్న ఎత్తు దగ్గరున్న గీతను ఎంచుకుని, దానికి 2 సెంటీమీటర్ల పైన సుద్దతో గుర్తు పెట్టండి. కోత కింద కొంత మేర ఎండుతుంది, ఆ 2 సెంటీమీటర్లు దానికి వదిలిన వాటా. సరిగ్గా గీత మీద కోస్తే ఎండు కిందికి దిగి మొగ్గను కూడా తినేస్తుంది.

బెంజమీనా అయితే ఒకే దెబ్బలో 10 సెంటీమీటర్లకు దించొద్దు. మొదట కింద ఆకులున్న కొమ్మ ఒకటి చూసి దానికి పైన కొయ్యండి. కింది మానులో చిగుళ్లు వచ్చి 6 ఆకులేశాక, తర్వాతి కాలంలో అసలు గుర్తు దగ్గర కొయ్యండి. ఏడాది ఆలస్యమవుతుంది, మొక్క మాత్రం దక్కుతుంది.

6. కోత

ముందురోజు నీళ్లు పొయ్యండి, కోసే రోజు వద్దు. సాయంత్రం 4 దాటాక మొదలుపెట్టండి.

1. పనిముట్లు స్పిరిట్‌తో తుడవండి.
2. గుర్తుకు జానెడు పైన ముందు కోసి పైబరువు దించండి. నేరుగా గుర్తు దగ్గర కోస్తే బరువుకు మాను విరిగి, బెరడు కిందిదాకా చీలుతుంది.
3. గుర్తు దగ్గర ఒక పక్క నుంచి మూడోవంతు, తర్వాత ఎదుటి పక్క నుంచి మిగతాది కొయ్యండి. ఇప్పటికి అడ్డంగా, సమంగా చాలు. ఏటవాలు కోత చిగురు నిలిచాక.
4. పాలు ధారగా వస్తాయి. చన్నీళ్లు స్ప్రే చేస్తూ తడిగుడ్డ అదమండి. కొన్ని నిమిషాల్లో ఆగుతుంది.
5. చాకుతో బెరడు అంచు చుట్టూ నున్నగా చెయ్యండి.
6. పాలు ఆరాక పూత వెయ్యండి. తడి మీద వేస్తే పొరలా ఊడిపోతుంది.

పక్కకొమ్మలు ఉంచదలచుకుంటే ఒక్కోదానికి రెండు ఆకులైనా మిగల్చండి. ఆ రెండు ఆకులే కొమ్మకు ప్రాణం.

ఇదే రోజు కుండీ మార్చి వేర్లు కత్తిరించే పని పెట్టుకోవద్దు. మైక్రోకార్పా ఓర్చుకోవచ్చు, బెంజమీనాకు రెండు దెబ్బలు ఒకేసారి ఎక్కువ.

7. కోశాక ఆరు వారాలు: నీళ్ల దగ్గరే అసలు పరీక్ష

ఆకులుంటేనే మొక్క నీళ్లు తాగుతుంది. ఆకులు తీసేశాక వేర్లు పీల్చేది చాలా తక్కువ. నిన్నటిదాకా రోజుకో చెంబు పోసిన అలవాటుతో ఇవాళా పోస్తే మట్టి ఆరదు, గాలి ఆడదు, వేరు కుళ్లుతుంది. పైన మోడు మాత్రం నెలరోజులు పచ్చగానే ఉంటుంది. అందుకే తప్పు తెలిసేసరికి ఆలస్యమైపోతుంది.

కాలిన అగరుబత్తి పుల్లను రెండంగుళాలు మట్టిలో గుచ్చి పది నిమిషాలు ఉంచండి. తీసినప్పుడు తడి మట్టి అంటితే పొయ్యొద్దు. పుల్ల చల్లగా ఉండి మట్టి అంటకపోతే పొయ్యండి, అడుగు రంధ్రం నుంచి కారేదాకా. రోజూ గుక్కెడు గుక్కెడు పొయ్యడం కన్నా ఆరాక ఒకేసారి నిండా పొయ్యడం మేలు.

నర్సరీ నుంచి తెచ్చినప్పటి బంకమట్టి ముద్ద వేర్ల మధ్య అలాగే ఉంటే పుల్ల ఆ ముద్దలోకే గుచ్చాలి. చుట్టూ మట్టి ఆరినా ముద్ద తడిగా ఉండొచ్చు, ఒక్కోసారి చుట్టూ తడిగా ఉండి ముద్దే ఎండిపోయి ఉండొచ్చు.

మన గాలిలో తేమ తక్కువ. మోడు మీద పల్చటి పాలిథిన్ కవరు వదులుగా తొడిగి, నాలుగు చిల్లులు పెడితే మొగ్గలు త్వరగా లేస్తాయి. కవరు తొడిగితే నీడలోనే ఉంచాలి, ఎండ తగిలితే లోపల ఉడికిపోతుంది. మొగ్గ గోరంత కాగానే కవరు తీసెయ్యండి.

కుండీని నాపరాయి మీద నేరుగా పెట్టొద్దు. పగలు కాగిన బండ రాత్రిదాకా వేడి వదులుతూనే ఉంటుంది. రెండు ఇటుకలు వేసి ఎత్తులో పెట్టండి.

మొగ్గలు మామూలుగా 2 నుంచి 4 వారాల్లో వస్తాయి, బెంజమీనాకు 8 వారాలు కూడా పట్టొచ్చు. ఈలోగా ఎరువు వద్దు. అనుమానమొస్తే గోటితో బెరడు కాస్త గీకండి. కింద పచ్చగా, తడిగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. రోజూ గీక్కుంటూ కూర్చోవద్దు, ప్రతి గీత ఒక గాయమే.

8. చిగుళ్ల ఏరివేత

ఒక్కోసారి పది, పదిహేను మొగ్గలు ఒకేసారి లేస్తాయి. వెంటనే గిల్లెయ్యకండి. 5 నుంచి 8 సెంటీమీటర్లు పెరిగి, ఆకులు ముదిరాక ఏరండి.

కోతకు దగ్గరగా, మీరు ముందువైపు అనుకున్న పక్కకు కాకుండా వెనకో పక్కకో ఉన్న బలమైన చిగురును నడినెత్తికి, అంటే పైకి సాగే కొత్త మానుగా, ఉంచండి. దాని కింద వేర్వేరు ఎత్తుల్లో, వేర్వేరు దిక్కులకు 3, 4 చాలు. ఒకే చోట గుత్తిగా వచ్చినవాటిలో ఒకటే మిగలాలి, లేదంటే అక్కడ మాను బుడిపెలా ఉబ్బుతుంది.

నడినెత్తి చిగురును ఇక ముట్టుకోవద్దు. రెండు మూడడుగులు పోనివ్వండి. అది ఎంత పొడవు పెరిగితే మొదలు అంత లావవుతుంది. దాని లావు పాత మానులో సగం దాటాక, ఏడాదికో రెండేళ్లకో, రెండో కోత. అప్పుడు మొదటి కోత మోడును కూడా చిగురు వైపు నుంచి వెనక్కి ఏటవాలుగా చెక్కి పూత వెయ్యండి.

9. తీగ

కొమ్మలు వంచడానికి అల్యూమినియం తీగ, కొమ్మ లావులో మూడోవంతు. 45 డిగ్రీల వాలులో చుట్టాలి. చిగురు కాస్త గట్టిపడి, ఇంకా పచ్చగా ఉన్నప్పుడే వంచాలి. గోధుమరంగు తిరిగిందంటే వంగదు.

ఫైకస్ వానాకాలంలో ఎంత త్వరగా లావెక్కుతుందంటే 4, 5 వారాలకే తీగ బెరడులో దిగుతుంది. పది రోజులకోసారి చూడండి. తీసేటప్పుడు చుట్లు విప్పొద్దు, ముక్కలుగా కత్తిరించి తియ్యండి.

10. వేర్లు, మట్టి

మరుసటి ఏడాది అదే ఆరుద్ర, పునర్వసు కార్తెల్లో కుండీ మార్చండి. కిందికి దిగిన లావు వేర్లను, గుండ్రంగా చుట్టుకున్నవాటిని తీసెయ్యండి. మొత్తం వేర్లలో మూడోవంతు మించి తియ్యొద్దు. పైన కనిపించే వేర్లను బండిచక్రం కమ్మీల్లా అన్ని దిక్కులకూ పరచండి.

వేర్లు కిందికి పోకుండా మాను అడుగున పలక పెడితే అవి పక్కలకు విస్తరిస్తాయి. చేతికందింది కదా అని నాపరాయి ముక్క పెట్టకండి. అది సున్నపురాయి. మన బోరునీళ్లు ఎలాగూ సున్నంతోనే వస్తాయి, ఇంకా కలపడమెందుకు? గ్లేజు టైలు ముక్కో, ప్లాస్టిక్ మూతో చాలు.

మట్టి పాళ్లు:

- 2 నుంచి 5 మిల్లీమీటర్ల ఇటుక ముక్కలు, పొడి జల్లించి పారేసినవి: 2 పాళ్లు
- లావు ఇసుక, కడిగింది: 1 పాలు
- వర్మీకంపోస్టు: 1 పాలు
- కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), రెండుసార్లు నానబెట్టి పిండింది: 1 పాలు
- వేపపిండి: 10 అంగుళాల కుండీకి ఒక గుప్పెడు

నల్లరేగడి గుప్పెడు కూడా వద్దు. తడిస్తే బిగుసుకుంటుంది, ఆరితే బీటలు వారి సన్న వేర్లను తెంపుతుంది.

పల్లెంలాంటి బోన్సాయ్ కుండీకి తొందర లేదు. లోతు తక్కువ కుండీలో మాను లావెక్కదు. లావు కావలసినంత వచ్చేదాకా మామూలు వెడల్పు కుండీలోనే పెంచండి.

11. తేడా వస్తే

*కోత నుంచి నల్లగా కిందికి దిగుతోంది.* ఎండు కాదు, కుళ్లు. తెల్లటి గట్టి చెక్క, పచ్చ బెరడు కనిపించేదాకా కోసి, బోర్డో పూసి, నీళ్లు తగ్గించండి. మొదలు మెత్తబడితే ఇక లాభం లేదు.

*ఆకు పసుపు, ఈనెలు పచ్చ.* సున్నపు నీళ్ల వల్ల ఇనుము అందడం లేదు. చిలేటెడ్ ఐరన్ లీటరుకు అర గ్రాము కలిపి ఆకుల మీద సాయంత్రం కొట్టండి. కుండీ అంచున తెల్లటి ఉప్పు పేరుకుంటే, నెలకోసారి కుండీకి మూడింతల నీళ్లు పోసి కడిగెయ్యండి. పట్టి ఉంచిన వాననీళ్లయితే ఇంకా మంచిది.

*ఆకు మధ్యకు మడతపడి, లోపల నల్లటి చిన్న పురుగులు.* తామర పురుగులు. మడతలోకి మందు చేరదు. మడిచిన ఆకుల్ని తుంచి కాల్చెయ్యండి, ఆ తర్వాత వేపనూనె లీటరుకు 5 మిల్లీలీటర్లు, కొన్ని చుక్కల సబ్బునీళ్లతో వారానికోసారి, మూడుసార్లు.

*చిగుళ్లు బారుగా సాగి, ఆకుల మధ్య దూరం పెరిగింది.* వెలుతురు చాలడం లేదు. పొద్దుటి ఎండలోకి జరపండి.

*ఊడలు రావడం లేదు.* తిమ్మమ్మ మర్రిమానును చూసి వచ్చి అడిగే ప్రశ్న ఇది. ఊడకు తేమగాలి కావాలి. కావలసిన చోట కొమ్మకు తడి కోకోపీట్ కట్టి, కవరు చుట్టి వానాకాలమంతా తడిగా ఉంచితే కొంత ఆశ ఉంటుంది. ఎండాకాలంలో ప్రయత్నించకండి.

*అక్టోబరు, నవంబరు తుపాను వానలు.* కడప వైపు వారం పట్టిందంటే కుండీ ఆరదు. ఒక పక్క ఇటుక ముక్క పెట్టి కుండీని వాలుగా ఉంచండి, నీళ్లు నిలవవు.

12. కోసేసిన పైభాగం

మీరు కోసింది పెన్సిలు లావు కొమ్మలున్న మొక్కైతే పారెయ్యకండి. 12 సెంటీమీటర్ల ముక్కలు చేసి, కింది ఆకులు తుంచి, పాలు ఆగేదాకా నీళ్లలో ఉంచి, తడి ఇసుకలో మూడోవంతు గుచ్చి కవరు కప్పండి. 4 నుంచి 6 వారాలు.

పైభాగమే అందంగా ఉంటే, మోడు కొట్టేముందే గాలి అంటు కట్టడం తెలివైన పని. కోత గుర్తు దగ్గర మాను లావుకు ఒకటిన్నర రెట్ల వెడల్పున బెరడు చుట్టూ ఒలిచి, లోపలి పచ్చపొరను చాకుతో పూర్తిగా గీకెయ్యండి. ఆ పొర ఇంత మిగిలినా పైబెరడు, కిందిబెరడు మళ్లీ కలిసిపోయి వేరు రాదు. తడి కోకోపీట్ గుప్పెడు చుట్టి, పాలిథిన్‌తో రెండు కొసలూ బిగించి కట్టండి. ఎండ తగలకుండా పైన గుడ్డ చుట్టండి. నెలన్నరకు కవరు లోంచి తెల్లటి వేర్లు కనిపిస్తాయి. అవి తేనె రంగు తిరిగి, కొమ్మలు వేసేదాకా ఆగి, ముద్దకు కింద కొయ్యండి. పైన మీ పాత మొక్క పొట్టిగా కొత్త కుండీలోకి పోతుంది, కింద మోడు 6వ భాగంలో చెప్పిన పనికి సిద్ధంగా ఉంటుంది.